రైతు సంఘము – పాలకవర్గము

నూజివీడు అనగనే తెలుగువారికి మొదట జ్ఞప్తికి వచ్చునది మామిడిపండు. కృష్ణా డెల్టాలోని వరిపొలములు ముగిసి మెట్టనేలలు మొదలగు చోట ఈ పట్టణము కలదు. దాని చుట్టును ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట, రెడ్డిగూడెము మొదలైన చోట్ల ఎఱ్ఱనేలలమీద మామిడితోటలు బారులు తీరియుండును. చిన్నరసము, పెద్దరసము, చెఱకురసము పీల్చి తినదగిన పండ్లు. బంగినపల్లి కోసి తినదగినది. కలెక్టరుకాయ యని వాడుకలో నున్న తోతాపురి ఎక్కువగా గుజ్జు తీయు కర్మాగారములకు పోవును. ఆంధ్రప్రదేశపు బంగినపల్లి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. నూజివీడులో మామిడి పరిశోధన స్థానము కూడ కలదు. చిరకాలము కృష్ణా జిల్లాలో నుండిన ఈ పట్టణము 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏలూరు జిల్లాలో చేర్చబడెను.

నూజివీడు ఒకప్పుడు జమీందారీకి ముఖ్యపట్టణము. ఆనాడు పెద్ద నిర్ణయములు కోటలోనుండి వెలువడుచుండెను. రైతు వానిని విని నడచుకొనుచుండెను. 1948లో మద్రాసు రాష్ట్రమున ఎస్టేటుల రద్దు చట్టము వచ్చిన పిదప జమీందారీలు అంతరించినవి. భూమితోపాటు నిర్ణయము చేయు భారమును రైతుమీదనే పడెను. ఆ భారమును ఎవరికి వారు మోయుట మేలా, పదుగురు కలసి మోయుట మేలా? కలసి మోయుటయే మేలైనచో, ఆ కలయిక క్రమము తప్పక సాగుటకు ఏమి కావలెను? మామిడి రైతుకు ఇది పుస్తకములలోని ప్రశ్న కాదు. ఏటేట వేసవిలో అతని యింటి గుమ్మము తట్టు ప్రశ్న.

ధాన్యము గాదెలో నిలువయుండును. ధర లేనప్పుడు రైతు కొన్నాళ్లు ఓర్చుకొనవచ్చును. మామిడికాయకు అట్టి ఓర్పు లేదు. శీతకాలములో పూచిన చెట్టు ఏప్రిల్ మొదలు జూన్ వఱకు కాపునకు వచ్చును. పక్వమునకు వచ్చిన కాయను కోయకున్న రాలిపోవును; కోసినచో కొలది దినములలో అమ్మవలెను. ఈ సంగతి రైతుకు తెలియును. కొనువానికి ఇంకను బాగుగ తెలియును. అందుచేత చిన్న రైతులు కొందఱు పూతమీదనో పిందెమీదనో తోటను వర్తకునికి గుత్తకిచ్చి చేతులు దులుపుకొందురు. మఱికొందఱు కాయను బజారునకు తోలి, కమీషను, హమాలీ, తరుగు అను పేర్లతో కోతలు పడగా మిగిలినది తెచ్చుకొందురు. మూడెకరముల రైతు ఒక్కడు బేరములో గెలుచుట కష్టము. అతనివద్ద లారీ నిండు సరకు ఉండదు. దూరపు పట్టణములలోని ధర తెలియదు. రేపటివఱకు ఆగు వ్యవధి లేదు.

మూడువందల మంది రైతులు ఒక్కటైనచో స్థితి మాఱును. వారి కాయ లారీలకొలది యుండును. వారు ఒక గుమస్తాను నియమించి ధరలు కనుగొనవచ్చును. తమ కాటాను తామే పెట్టుకొనవచ్చును. కాయలను గ్రేడులుగా వేఱుపఱుపవచ్చును. అయితే ఒక్కటగుట వేఱు, ఒక్కటిగా పనిచేయుట వేఱు. పదుగురు చేరిన చోట పాము చావదని సామెత. ప్రతివాడును ఎదుటివాడు కొట్టునని ఎదురుచూచును. ఈలోగా పాము పొదలో దూరును. మూడువందల మంది ప్రతిదినము సమావేశమై ధర నిర్ణయింపజాలరు. అందుచేత వారు తమలో కొందఱిని ఎన్నుకొని పని అప్పగింతురు. అట్లు ఎన్నుకొనబడినవారి సభయే పాలకవర్గము. దీనినే డైరెక్టర్ల బోర్డు అనియు అందురు.

ఈ పద్ధతి ఒక్కనాటిలో పుట్టినది కాదు. ఇంగ్లండు దేశములోని రాచ్‌డేల్ పట్టణమున 1844లో 28 మంది పనివారు, అందు పలువురు నేతగాండ్రు, చందాలు వేసికొని సంఘముగా ఏర్పడిరి. ఆ సంవత్సరము డిసెంబరు 21వ తేదీన వారు ఒక చిన్న దుకాణము తెఱచిరి. అందమ్మిన సరకులు వెన్న, చక్కెర, పిండి వంటివి కొన్ని మాత్రమే. కాని వారు పెట్టుకొన్న నియమములు గొప్పవి. కల్తీ లేని సరకు అమ్మవలెను. తూకము సరిగా నుండవలెను. ఎవరెంత ధనము పెట్టినను ఒక సభ్యునికి ఒకే ఓటు. లాభమును సభ్యుల కొనుగోలునుబట్టి పంచవలెను. నేడు లోకమంతట నున్న సహకార సంఘములకు ఈ నియమములే మూలము.

మన దేశములో 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది. అది అప్పులిచ్చు సంఘములకు పరిమితము. 1912 చట్టము ఇతర పనులు చేయు సంఘములకును దారి చూపెను. విశాఖపట్టణపు సీమలోని ఏటికొప్పాకలో 1933లో చెఱకు రైతులు సహకార చక్కెర కర్మాగారమును స్థాపించిరి. దేశములో అట్టివానిలో అదియే మొదటిదని చెప్పుదురు. తెలంగాణములోని ముల్కనూరున 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి నాయకత్వమున గ్రామీణ సహకార బ్యాంకు ఏర్పడెను. రైతులకు అప్పులిచ్చుటతో నిలువక, వారికి కావలసిన సరకులు సమకూర్చుటయు, వారి పంటను అమ్మిపెట్టుటయు చేసి ఆ సంఘము పేరు గాంచినది.

ఆంధ్రప్రదేశములో 1964లో సహకార సంఘముల చట్టము, 1995లో పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము వచ్చినవి. ప్రభుత్వపు వాటాధనము లేకుండ సభ్యులు తమ సొమ్ముతో తమ సంఘమును తామే నడుపుకొనుటకు రెండవ చట్టము వీలు కల్పించెను. కంపెనీల చట్టమునకు 2002లో చేసిన సవరణచే ఉత్పత్తిదారుల కంపెనీ అను మఱియొక రూపము ఏర్పడినది. పేరు కంపెనీయే యైనను ఇందును సాధారణముగా ఒక రైతుకు ఒకే ఓటు. సహకార సంఘములు స్థాపించుకొను హక్కు 97వ రాజ్యాంగ సవరణచే ప్రాథమిక హక్కులలో చేరి, 2012 ఫిబ్రవరి 15వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. 2020లో కేంద్ర ప్రభుత్వము దేశమందు పదివేల రైతు ఉత్పత్తిదారుల సంఘములను ఏర్పఱచు పథకమును ప్రారంభించెను.

సంఘము ఏ చట్టముక్రింద ఏర్పడినను దాని నిర్మాణము ఇంచుమించు ఒకే తీరుగ నుండును. అన్నిటికిని పైన సర్వసభ్య సభ. వాటాధనము చెల్లించిన ప్రతి సభ్యుడును ఇందు ఉండును. దాని క్రింద సర్వసభ్య సభ ఎన్నుకొన్న పాలకవర్గము. పాలకవర్గమునకు ఒక అధ్యక్షుడు. ఆ క్రింద జీతముమీద పనిచేయు కార్యనిర్వహణాధికారి, గుమస్తాలు. పెద్ద త్రోవ చూపువారు సభ్యులు, ఆ త్రోవలో ఎట్లు నడువవలెనో నిర్ణయించువారు డైరెక్టర్లు, నడచువారు ఉద్యోగులు. ఈ మూడు పనులు ఒకదానిలో నొకటి కలసిపోయినచో చిక్కులు పుట్టును. డైరెక్టరు కాటావద్ద కూర్చుండి తూకము వేయరాదు. తూకము సరిగా పడుచున్నదో లేదో చూడవలెను. గుమస్తా తనంతట ధర నిర్ణయింపరాదు. నిర్ణయించిన ధరను తప్పక అమలుపఱుపవలెను.

ఉత్పత్తిదారుల కంపెనీ విషయమున చట్టము కొన్ని హద్దులు స్పష్టముగ గీచినది. డైరెక్టర్లు అయిదుగురికి తగ్గక, పదునైదుగురికి సాధారణముగా మించక యుండవలెను. వారి పదవీకాలము ఒక యేడాదికి తక్కువ కాదు, అయిదేండ్లకు ఎక్కువ కాదు. పాలకవర్గము మూడు నెలలకొకసారియైనను, ఏడాదిలో నాలుగుసార్లయినను సమావేశము కావలెను. వారము దినములు ముందుగ ప్రతి డైరెక్టరునకును వ్రాతమూలముగ తెలియజేయవలెను. మొత్తము డైరెక్టర్లలో మూడవ వంతు, ఎంత తక్కువయైనను ముగ్గురు, హాజరు కానిదే సభ చెల్లదు. దీనినే కోరము అందురు. కార్యనిర్వహణాధికారిని సభ్యులు కానివారిలోనుండి నియమింపవలెను. సంఘమువద్ద తీసికొన్న అప్పు ఎగవేసిన డైరెక్టరు పదవిని కోల్పోవును.

ఈ నియమములు ఊరక పెట్టినవి కావు. ముందుగ తెలుపవలెనన్న నియమము లేనిచో, అధ్యక్షుడు తనకు అనుకూలురైన నలుగురిని సాయంకాలము పిలిచి తీర్మానము చేయించుకొనగలడు. కోరము లేనిచో ఇద్దఱు చేసిన పని అందఱి నెత్తిన పడును. పదవీకాలమునకు హద్దు లేనిచో సంఘము మరల ఒక చిన్న జమీందారీగా మాఱును.

ఇట్టి పాలకవర్గము పనిచేయు తీరు ఒక ఉదాహరణము వలన తేటపడును. ఒక సంఘములో మూడువందల మంది సభ్యులు, తొమ్మిదిమంది డైరెక్టర్లు ఉన్నారని ఊహింపుడు. ఏప్రిల్ నెలలో పాలకవర్గము సమావేశమైనది. ఎనమండుగురు వచ్చిరి. ముందుగ క్రిందటి సమావేశపు మినిట్సు చదివి, సరియని సంతకములు చేసిరి. పిదప కార్యక్రమ పత్రములోని మొదటి అంశము వచ్చెను. ఒక వర్తకుడు సంఘము కాయ రెండువందల టన్నులును టన్ను 30,000 రూపాయల చొప్పున తానే కొందునని వ్రాసెను. ఢిల్లీకి నేరుగా పంపినచో అంతకంటె ఎక్కువ రావచ్చునని కార్యనిర్వహణాధికారి నివేదిక.

అప్పుడొక డైరెక్టరు లేచి, ఆ వర్తకుని వ్యాపారములో తన బావమఱదికి వాటా కలదని చెప్పెను. చర్చ ముగియువఱకు తాను బయట కూర్చుందుననెను. మంచి సంఘములలో ఇది మర్యాద మాత్రమే కాదు, నియమము. ఆ డైరెక్టరు నిజాయితీపరుడే కావచ్చును. అయినను అతడు అచ్చట నున్నంతసేపు ఇతరులు మనసులోని మాట చెప్పజాలరు. చెప్పినను సభ్యులు నమ్మజాలరు. కంచె చేను మేసినదన్న అపవాదు ఒక్కసారి వచ్చినచో, తోట పచ్చగ నున్నను ఎవరును కావలివానిని నమ్మరు. అతడు వెడలిన సంగతియు, కారణమును మినిట్సు పుస్తకములో వ్రాయబడినవి.

మిగిలిన యేడుగురు చర్చించిరి. అంతయు ఒకే వర్తకునికి అమ్మినచో అతడు వచ్చు ఏడు ధర తగ్గించిన దిక్కు లేదని కొందఱనిరి. చేతిలోని ధరను వదలుకొనరాదని కొందఱనిరి. చివరకు సగము వర్తకునికి, సగము ఢిల్లీకి అని తీర్మానమైనది. నలుగురు అనుకూలురు, ముగ్గురు ప్రతికూలురు. ఓడిన ముగ్గురు తమ అభిప్రాయమును పుస్తకములో వ్రాయించుకొనిరి. ఆ హక్కు వారికి కలదు. కాని బయటకు వచ్చి తీర్మానమునకు అడ్డుపడు హక్కు లేదు. తీర్మానమైన పిదప అది నలుగురిది కాదు, పాలకవర్గమంతటిది.

రెండవ అంశము ఇంకను చిక్కైనది. కాయ త్వరగా పండుటకు కార్బైడు పెట్టినచో వారము ముందే బజారునకు పంపవచ్చునని ఒక సభ్యుడు అర్జీ యిచ్చెను. కాల్షియం కార్బైడునుండి వచ్చు వాయువుతో పండ్లు పండించుట చట్టముచే నిషేధింపబడినది. అది ఆరోగ్యమునకు హాని కలిగించును. అనుమతింపబడిన పద్ధతి వేఱు. ఎథిలీన్ వాయువును నియమిత పరిమాణములో గదులలో వదలి పండించుట. దానికి ఖర్చు, కాలము ఎక్కువ. ఇచ్చట ఓట్లు లెక్కింప పనిలేదు. అందఱును ఒక్క మాటగా కోరినను చట్టవిరుద్ధమైన పనిని పాలకవర్గము చేయరాదు. చేసినచో డైరెక్టర్లు తామే జవాబుదారులు. అర్జీ త్రోసివేయబడెను; కారణము వ్రాయబడెను.

ఒక్కరి అజాగ్రత్త అందఱికి ఎట్లు చేటు తెచ్చునో 2014 సంవత్సరమే చెప్పగలదు. భారతదేశమునుండి పోయిన మామిడిపండ్లలోను, కొన్ని కూరగాయలలోను పండుఈగ మొదలైన పురుగులు కనబడుటచే ఐరోపా సమాఖ్య ఆ యేడు మే 1వ తేదీనుండి వాని దిగుమతిని నిషేధించెను. పురుగులేని పండ్లు పండించినవారి సరకు కూడ ఆగిపోయినది. తనిఖీ పద్ధతులు మెఱుగుపఱచిన పిదప 2015 ఆరంభములో మామిడిమీది నిషేధము తొలగెను. పాలకవర్గము కాయల పరీక్షవిషయమున కఠినముగ నున్నదని సభ్యులు విసుగుకొనుట కలదు. ఆ కాఠిన్యము లేనిచోట కలుగు నష్టము ఎవరో ఒక్కరితో ఆగదు.

ఉదాహరణములోని సంఘము కథ అంతటితో ముగియలేదు. మే నెలలో గాలివానలు వచ్చినవి. ఢిల్లీకి చేరిన కాయకు మచ్చలు పడి ధర తగ్గెను. ఆ నూఱు టన్నులకు టన్ను 26,000 రూపాయలే చేతికి వచ్చినది. అంతయు వర్తకునికే అమ్మియున్న ఇంకను నాలుగు లక్షల రూపాయలు వచ్చియుండెడివి. పెండ్లి పెట్టుకొన్నవారు, అప్పు తీర్పవలసినవారు సభ్యులలో ఉన్నారు. వారి కోపము అకారణము కాదు.

సర్వసభ్య సభకు పదునాలుగు దినములు ముందుగ వ్రాతమూలముగ పిలుపు పంపవలెను. దానితోపాటు ఆడిటరు తనిఖీ చేసిన లెక్కలను, వెనుకటి సభ మినిట్సును, డైరెక్టరు పదవికి నిలుచువారి పేర్లను పంపవలెను. సభలో ఒక వృద్ధరైతు లేచి, “మా నాలుగు లక్షలు ఎవరు పోగొట్టిరి?” అని అడిగెను. అధ్యక్షుడు మినిట్సు పుస్తకము తెఱచి, ఆనాటి చర్చను మొదటినుండి తుదివఱకు చదివి వినిపించెను. ఎవరేమనిరో, ఎవరు బయటకు వెడలిరో, ఏ కారణముచే తీర్మానమైనదో అందఱును వినిరి. రైతులు శాంతించిరి, కాని ఊరుకొనలేదు. లారీలలో కాయ తడియకుండ ఏర్పాటు చేయు బాధ్యత ఎవరిదో ఆ పుస్తకములో లేదని ఒక యువకుడు చూపెను. అది పాలకవర్గపు లోపమని అధ్యక్షుడు ఒప్పుకొనెను. ఇకమీద ప్రతి తీర్మానముక్రింద దానిని నెఱవేర్పవలసినవారి పేరును, గడువును వ్రాయవలెనని సభ ఆదేశించెను. ఆ యేడు పదవీకాలము ముగిసిన ముగ్గురు డైరెక్టర్లలో ఇద్దఱు మరల ఎన్నికైరి. ఒకరి స్థానమున ఆ యువకుడు ఎన్నికయ్యెను.

మినిట్సు పుస్తకమే లేకున్న ఆ సభ ఎట్లు ముగిసియుండెడిదో ఊహించుట కష్టము కాదు. నిందలు, ప్రతినిందలు, చీలికలు. మఱుసటి యేడు ఎవరి తోట వారు పిందెమీదనే అమ్ముకొందురు. సంఘములు నష్టమువలన కంటె అనుమానమువలన ఎక్కువగ చెడును. నష్టమును మఱుసటి పంట పూడ్పగలదు. పోయిన నమ్మకమును ఏ పంటయు పూడ్పజాలదు.

అందుకే లెక్కలవిషయమున కూడ పద్ధతి కలదు. సభ్యుడు కాయ తెచ్చినప్పుడు ధరలో కొంత వెంటనే చెల్లింతురు. కొంత నిలిపియుంచి పిదప ఇత్తురు. వాటాధనముమీద పరిమితమైన ప్రతిఫలమే యుండును. ఆపైని మిగులును ఎవరెంత సరకు సంఘమునకిచ్చిరో దానినిబట్టి పంచుదురు. ప్రతి యేడును నిలువనిధికి కొంత చేర్పవలెను. గాలివాన వచ్చిన యేడు ఆదుకొనునది ఆ నిధియే. మొత్తమును పంచి పెట్టుమని సభ్యులు అడిగినప్పుడు కాదని చెప్పగల ధైర్యము పాలకవర్గమునకు ఉండవలెను. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొన్న ప్రయోజనము లేదు.

పాలకవర్గము ఎంత మంచిదైనను సభ్యులు నిద్రించినచో అదియు నిద్రించును. సభకు రానివాడు, లెక్కలు చదువనివాడు, సంఘమునకు ఇచ్చెదనన్న కాయను రూపాయి ఎక్కువ వచ్చినదని దారిలోనే అమ్ముకొనువాడు – వీరు డైరెక్టర్లను నిందించుటకు అర్హులు కారు. ఓటు వేయుటతో సభ్యుని పని తీరదు. అడుగుట, వినుట, మాట నిలుపుకొనుట అతని పనులే.

మామిడిచెట్టు నాటిన కొన్నేండ్లకుగాని కాపునకు రాదు. ఆ కాలమంతయు నీరు పోయవలెను, కంచె కట్టవలెను, చీడ చూడవలెను. ఒకసారి నిలద్రొక్కుకొన్న చెట్టు తరములకు ఫలమిచ్చును. సంఘమును అట్టిదే. క్రమము తప్పని సమావేశము, దాపరికము లేని లెక్క, నిజము వ్రాసిన పుస్తకము దానికి నీరు, కంచె, కావలి.

ప్రశ్నలు
1. మామిడి రైతు ఒంటరిగా బేరములో గెలుచుట ఏల కష్టము?
2. సర్వసభ్య సభ, పాలకవర్గము, కార్యనిర్వహణాధికారి – వీరి పనులలోని భేదమును తెలుపుడు.
3. వర్తకునితో బంధుత్వము గల డైరెక్టరు చర్చనుండి ఏల తొలగెను? అతని పని సరియైనదేనా?
4. “సంఘములు నష్టమువలన కంటె అనుమానమువలన ఎక్కువగ చెడును” – ఈ వాక్యమును పాఠములోని ఉదాహరణముతో వివరింపుడు.
5. మీ తరగతి సంఘపు సమావేశమొకదానికి మినిట్సు వ్రాయుడు.